ఎంతవరకు పొరుగువారము?

ధ్యానభాగములు: లూకా 10:25–37, యోబు 42:10–11



ఎండలు ముదిరి పడమటిగాలి తిరిగిన దినములలో మన పల్లెలలో ఒక భయము మేల్కొనును. తాటాకు కప్పు ఎండి పెళపెళలాడుచుండును. పెద్దలు కూలికి పోయియుందురు. పిల్లలు చెట్లనీడను ఆడుకొనుచుందురు. పొయ్యిలో సగమారిన కట్టెనుండి ఒక్క నిప్పురవ్వ లేచిన చాలును. గడియ తిరుగకముందే ఇల్లు ఇల్లంతయు బూడిద యగును. పూర్వము కిరసనాయిలు బుడ్డి వలన ఎన్నో ఇండ్లు కాలెను. ఇప్పుడు పాతబడిన కరెంటు తీగయు, పగిలిన గ్యాసు గొట్టమును ఆ పని చేయుచున్నవి. డాబా ఇండ్లు పెరిగినమాట నిజమే గాని పూరిండ్లు ఇంకను ఉన్నవి. డాబా నిలిచినను లోపలి బట్టలు, బియ్యము, పెట్టెలోని కాగితములు నిలువవు.

ఇల్లు కాలుచున్నప్పుడు మన ప్రజలలోని మంచితనము చూడదగినది. ఒకడు బావినుండి నీళ్లు తోడును. ఒకడు తడిసిన గోనెపట్టాతో మంటను కొట్టును. ఒకడు పక్కయింటి కప్పు లాగివేసి నిప్పు ముందుకు పోకుండ ఆపును. ఒకడు పశువుల పలుపులు కోయును. ఆ గడియలో కులమేదని గాని, ఏ గుడికి పోవుదురని గాని అడుగువారుండరు. ఆ రాత్రి ఎవరో అన్నము వండి పంపుదురు. ఎవరో పంచె, చీర తెచ్చి యిత్తురు. మరునాడు ఊరంతయు వచ్చి చూచి కన్నీరు విడుచును. ఆదివారమున సంఘములో ప్రత్యేక కానుక పట్టుదురు.

ఇది మంచిదే. దీనినిబట్టి దేవుని స్తుతింపవలెను. అయితే నాలుగవ దినమున ఏమగుచున్నది? చూడవచ్చువారు తగ్గుదురు. పదవ దినమున ఎవరి పని వారిది. నెల తిరుగునప్పటికి ఆ కుటుంబము ప్లాస్టిక్కు పట్టా క్రింద ఒంటరిగా నుండును. కావున ఈ నెల మేము పాఠకుల యెదుట ఉంచగోరునది ఒక్కటే ప్రశ్న. మనము ఎంతవరకు పొరుగువారము?

ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువునొద్దకు వచ్చి తన పొరుగువాడెవడో తెలియగోరెను. మంటల యెదుట మనకు ఆ సందేహము రాదు. కాలుచున్న ఇంటి వారే మన పొరుగువారని మన చేతిలోని కడవ మనకంటె ముందే ఎరుగును. మన సందేహము వేరు. పొరుగుతనమునకు ఒక గడువున్నదా? ఉన్నయెడల అది ఎప్పుడు తీరును?

ప్రభువు చెప్పిన ఉపమానమునందే దీనికి కొంత జవాబున్నది. సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టుట అందరికిని జ్ఞాపకమే. తన వాహనముమీద ఎక్కించి పూటకూళ్ల యింటికి చేర్చుటయు జ్ఞాపకమే. మరునాటి సంగతిని మాత్రము మనము త్వరగా చదివి దాటిపోవుదుము. మరునాడు అతడు రెండు దేనారములు తీసి యిచ్చెను. ద్రాక్షతోట పనివారి ఉపమానమునుబట్టి దేనారమనగా ఒక దినపు కూలి. అనగా అతడిచ్చినది రెండు దినముల కూలి. అది పెద్ద సొమ్ము కాదు. మనలో చాలమంది ఇయ్యగలిగినదే. అతడు తన ప్రయాణము మానుకొని అక్కడనే కూర్చుండలేదు. అతనికిని పని యున్నది. అయితే పోవుచు, ఇంకేమైన ఖర్చయిన తాను తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట యిచ్చెను. దేనారములకు లెక్కయున్నది, ఆ మాటకు లెక్క లేదు. సహాయమును ఒక దినముతో ముగింపక దారి తెరచియుంచుటయే అతని ప్రేమ యొక్క విశేషము.

ఇక కాలిన ఇంటివారి అక్కర ఏయే దినమున ఏయే రూపము దాల్చునో ఆలోచింతము.

మొదటి మూడు దినముల అక్కర అన్నము, బట్ట. దీనిని ఊరు ఎరుగును. రెండవ అక్కర కాగితములు. ఆధారుకార్డు, రేషనుకార్డు, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకుపుస్తకము, పిల్లవాని పదవ తరగతి సర్టిఫికెట్టు — ఇవన్నియు ఒక్క రేకుపెట్టెలో నుండి ఒక్కసారిగా పోవును. ఇల్లు కాలిన సంగతి తహశీల్దారు కార్యాలయమునకు తెలిపి, అధికారులు వచ్చి చూచి వ్రాసికొనునట్లు చేయవలెను. విపత్తు సహాయమునకు ప్రభుత్వము ఒప్పుకొనిన ఆపదలలో అగ్నిప్రమాదమును ఉన్నది. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నిబంధనలలో కాలిపోయిన గుడిసెకు 8,000 రూపాయలు, బట్టలకు కుటుంబమునకు 2,500, పాత్రసామానుకు 2,500 అని వ్రాయబడెను. గ్యాసు సిలిండరు వలన ప్రమాదము జరిగినచో ఆయిలు కంపెనీలు చేయించిన భీమా యున్నదని ఎరిగినవారు పల్లెలలో కొద్దిమందియే. వెంటనే గ్యాసు డీలరుకు తెలుపకున్న ఆ మేలు చేయి జారిపోవును. సర్టిఫికెట్టు నకలు కొరకు చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయునియొద్ద మొదలుపెట్టవలెను. పెట్టెలో మాడి ముద్దయైన నోట్లను బూడిదతో పారవేయరాదు. బాగుగా కాలి అంటుకొనిపోయిన నోట్లను మామూలు బ్యాంకుశాఖలు తీసికొనవు గాని, రిజర్వు బ్యాంకు వారి ఇష్యూ ఆఫీసు పరీక్షించి నియమముల ప్రకారము విలువ కట్టును. అట్టి ఆఫీసు హైదరాబాదులో ఉన్నది.

కూలివానికి ఆఫీసుకు పోవు ప్రతిదినము కూలి పోయిన దినమే. అక్కడ ఏ బల్లయొద్ద ఏమి అడుగవలెనో అతడెరుగడు. చదువుకొనిన ఒక యౌవనుడు అర్జీ వ్రాసి, బస్సు చార్జీ పెట్టుకొని, అతని ప్రక్కను నిలిచి మాటలాడిన యెడల, అది పాత చీరలకంటె ఎంతో గొప్ప దానము. డబ్బు లేదని చింతించు యౌవనులకు ఇది దేవుడిచ్చిన పరిచర్య.

మూడవ అక్కర పనిముట్టు. దర్జీకి మిషను, తాపీవానికి తాపీ, పొలముకూలికి కొడవలియు పారయు, ఇస్త్రీచేయువానికి పెట్టె కాలిపోయినచో అతని చేతులే కాలిపోయినట్లు. మనము తోచినది ఇచ్చి వచ్చుటకు బదులు, “అమ్మా, ముందుగా ఏది కావలెను?” అని అడిగి తెలిసికొనుట మేలు. ఒక ఇంటిలో పది దుప్పట్లుండి ఒక్క కొడవలియైనను లేకపోవుట మన తొందరపాటునకు సాక్ష్యము.

నాలుగవది అప్పు. ఇది కంటికి కనబడదు. ఎనిమిది వేలతో ఇల్లు లేవదు. అతడు 40,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. నెలకు 1,200, సంవత్సరమునకు 14,400 వడ్డీకే పోవును. అసలు అట్లే నిలుచును. నిప్పు ఇంటిని ఒక గడియలో కాల్చినది, వడ్డీ దానిని ఏండ్ల తరబడి కాల్చుచునే యుండును. కాలిపోయిన గుమ్మములను నిలుపుటకు యెరూషలేమునకు వచ్చిన నెహెమ్యా, యేబదిరెండు దినములలో గోడ కట్టించెనని మనము సంతోషముతో చెప్పుకొందుము. అయితే అయిదవ అధ్యాయమును మరువరాదు. ప్రజలు పొలములను కుదువపెట్టి, బిడ్డలను దాస్యమునకు అప్పగించు స్థితికి వచ్చిరని విని అతడు మిగుల కోపించెను. వడ్డీ తీసికొనుచున్న ప్రధానులను సభలో నిలువదీసి, తీసికొనినవి తిరిగి యిప్పించెను. గోడ లేచుచుండగా సహోదరుడు కూలిపోవుచున్న యెడల ఆ కట్టుబడి దేవుని పని కాదని అతడెరుగును. కష్టములోనున్న సహోదరుని యొద్ద వడ్డీ తీసికొనరాదని లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయమును చెప్పుచున్నది. సంఘనిధిలో కొంత సొమ్ము ఇట్టివారికి వడ్డీలేని బదులుగా ఇచ్చుటకు సంఘపెద్దలు ఏల ఆలోచింపరాదు?

ఇంతవరకు చెప్పినదానికి ఎవరును అడ్డు చెప్పరు. కష్టమైన ప్రశ్న ఇప్పుడు వచ్చుచున్నది. నిప్పు ఎవరివలన పుట్టెను?

ఒక పేటలో ఒక స్త్రీ పొయ్యి ఆర్పక కలుపు తీయ పోయెననుకొందము. ఆమె ఇల్లు కాలెను. గాలివాటున ఇరుగు పొరుగు రెండిండ్లును కాలెను. సంఘము కూడినప్పుడు కొందరు, “ఆ రెండిండ్లకు ఇత్తము, ఆమెకు ఏల ఈయవలెను? ఆమె వలననే గదా ఇదంతయు!” అందురు. ఇది పిసినారుల మాట అని త్రోసివేయరాదు. దీనిలో న్యాయమున్నది. ఏమియు ఎరుగని రెండు కుటుంబములు ఆమె అజాగ్రత్తవలన వీధిపాలైనవి. నిర్గమకాండము ఇరువదిరెండవ అధ్యాయములో అగ్ని ముండ్లకంపలనంటి పంటను కాల్చినయెడల, దానిని అంటించినవాడు నష్టము అచ్చుకొనవలెనని దేవుడే ఆజ్ఞాపించెను. కాబట్టి “పోనిమ్ము” అని చెప్పి ఆ రెండిండ్లవారి దుఃఖమును చులకన చేయుటకు మనకు అధికారము లేదు.

అయినను మూడు సంగతులు ఆలోచింపవలెను. మొదటిది, ఆ ఆజ్ఞ నిప్పంటించినదాని మీద ఒక భారము పెట్టుచున్నది గాని, మన మీదనున్న భారమును తీసివేయుటలేదు. ఆమె బాకీ ఆమెది. మన బాకీ మనది. రెండవది, ఏమియు మిగులనిది ఏమి అచ్చుకొనగలదు? ఆమె నిలువబడిననే గదా ఆ పొరుగువారి గోడకు మట్టి తొక్కగలదు, వారి కప్పునకు ఆకు మోయగలదు! ఆమెను లేపుట న్యాయమునకు విరోధము కాదు. న్యాయము జరుగుటకు అదియే దారి. మూడవది, నిప్పు కప్పిపెట్టి పనికి పోని కూలియిల్లు పల్లెలో ఏది? గాలి ఆ దినమున ఆమె పొయ్యివైపు తిరిగినది. సీలోహములో గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమంది ఇతరులకంటె పాపులు కారని ప్రభువు చెప్పి, విన్నవారి దృష్టిని వారి తట్టే త్రిప్పెను.

సిక్లగు కాలినప్పుడు దావీదు జనులు ఏడ్చుటకు బలము లేకపోవువరకు ఏడ్చిరి. ఆపైని అతని మీదికి రాళ్లెత్త తలచిరి. అయితే దావీదు ఇంటివారును చెరపట్టబడిరి. అతని కన్నులును ఏడ్చినవే. మన పేటలలోను ఇట్లే జరుగుచున్నది. నింద మోయుచున్నది తానును కాలిపోయినదే. “ఎవరివలన?” అను ప్రశ్నను పెద్దలు తగిన సమయమున కూర్చుండి, శాంతముగా విచారింపవచ్చును. బట్టలేనిదానికి బట్ట యిచ్చుటకు ముందు అది అడుగరాని ప్రశ్న.

అట్లే, “వారు మన సంఘమువారు కారు గదా” అను మాటయు వినబడుచుండును. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు విశ్వాసగృహమునకు చేరినవారిని విశేషముగా ఎంచెను; నిజమే. కాని ఆ మాటకు ముందు అందరికిని మేలు చేయుమని చెప్పెను. మొదటి సగమును విడిచి రెండవ సగమును పట్టుకొనుట న్యాయము కాదు. నీళ్లకడవకు లేని భేదము బియ్యపుమూటకు ఏల?

ఇక ఇచ్చు విధమునుగూర్చి ఒక మాట. అప్పిచ్చినవాడు తాకట్టు తీసికొనుటకు పొరుగువాని యింటిలోనికి చొరబడక, బయట నిలువవలెనని ద్వితీయోపదేశకాండము ఇరువదినాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. బీదవాని గుమ్మమునకు సహితము మర్యాద యున్నదని దేవుని తలంపు. ఇల్లు కాలినవానికి గుమ్మమే లేదు. కావున వాని చుట్టును మర్యాద అను గోడను మనమే నిలుపవలెను. బూడిదయొద్ద నిలువబెట్టి బియ్యపుబస్తాతో ఫోటో తీసి ఊరూర పంపుట, కానుక యిచ్చినవారి పేర్లు ఆ కుటుంబము వినుచుండగా చదువుట, మనము కట్టని చిరిగిన బట్టలు మూటగట్టి యిచ్చుట — ఇవి ఆ గోడను పడగొట్టును. కాలిన ఇంటి బిడ్డ రేపు బడిలో మన బిడ్డ ప్రక్కను తలయెత్తుకొని కూర్చుండవలెను గదా!

మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. ఎంతవరకు? యోబు గ్రంథము దీనికి ఒక కొలత ఇచ్చుచున్నది. అతని గొఱ్ఱెలు అగ్నివలన కాలెను. బిడ్డలు ఇల్లు కూలి చనిపోయిరి. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద మౌనముగా కూర్చుండిరి. అది మంచి ఆదరణ. తరువాత నోరు తెరచి, ఏ పాపము చేసితివని విచారణ మొదలుపెట్టి, చేసిన మేలును పోగొట్టుకొనిరి. కడపటి అధ్యాయమున అతని అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, పరిచయులందరు వచ్చిరి. ఒక్కొక్కరు ఒక్కొక్క వరహా, ఒక్కొక్క బంగారపు ఉంగరము ఇచ్చిరి. అందరును కొంచెము కొంచెము తెచ్చిరి. ఒక్కని ఉపకారము క్రింద యోబు అణగిపోలేదు. అంతకంటె ముఖ్యమైనది, వారు అతని ఇంటిలో అతనితోకూడ భోజనము చేసిరి.

ఇదియే కొలతయని మేము తలంచుచున్నాము. కాలిన ఇంటివారు తమ కుండలో తమ బియ్యము వండి, “వదినా, ఈ పూట మా యింట తినవలెను” అని పిలుచు దినమువరకు మనకు వారియెడల పని యున్నది. ఆ దినమున మనము వారి చాపమీద కూర్చుండి తినవలెను. మన దేశములో ఎవరింట ఎవరు తిందురనునది చిన్న సంగతి కాదు. బియ్యము పంపుటకు వెనుదీయని చేతులు, వారి విస్తరి ముందర కూర్చుండుటకు వెనుదీయుట మనమెరిగినదే. ఇచ్చి తినకపోయినచో వారిని ఎప్పటికిని పుచ్చుకొనువారినిగానే ఉంచినట్లగును. తినినప్పుడు ఇద్దరమును మరల పొరుగువారమగుదుము. పౌలు ఒకే అధ్యాయములో ఒకరి భారములొకరు మోయుడనియు, ప్రతివాడును తన బరువు తానే మోయవలెననియు వ్రాసెను. వీనిలో విరోధము లేదు. వారు తమ బరువు తాము మోసికొను దినము వచ్చుటకే ఇప్పుడు మనము వారి భారము మోయుచున్నాము. కోతపండుగకు ఆ కుటుంబము గుప్పెడు ధాన్యము తెచ్చినచో, “మీకేల, ఉంచుకొనుడి” అనరాదు. విధవరాలి రెండు కాసులను ప్రభువు వెనుకకు ఇయ్యలేదు.

కావున ప్రతి సంఘమును ఇట్లు చేయునుగాక. ఇల్లు కాలిన ఊరిలో ఇద్దరిని ఏర్పరచి, నెలకును, మూడు నెలలకును, ఆరు నెలలకును, సంవత్సరమునకును ఆ యింటికి పోయి వచ్చు బాధ్యత వారికి అప్పగింపవలెను. స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడు గుప్పెడు వేరుగా తీసియుంచు అలవాటు ఉన్న సంఘములలో, దానిలో కొంత ఇట్టి కుటుంబములకు చేర్చవచ్చును. వేసవికి ముందే యౌవనులు పేటలో తిరిగి, పాత తీగలు, గ్యాసు గొట్టములు చూపించుకొనుడని ఇంటింట చెప్పవలెను. పొయ్యి ఆర్పి పోవుటయు, కడవలో నీళ్లు, బుట్టలో ఇసుక ఉంచుటయు నేర్పవలెను. అగ్నిమాపక దళమును పిలుచుటకు 101 అను నంబరు పిల్లలకు సహితము కంఠతా వచ్చునట్లు చేయవలెను. కాలిన తరువాత చేయు ప్రేమకంటె కాలకముందు చేయు ప్రేమ తక్కువది కాదు.

ప్రార్థన: కృపగల తండ్రీ, మంటయొద్దకు పరుగెత్తిన మా కాళ్లు నెల తిరిగిన తరువాతను ఆ యింటికి నడచునట్లు చేయుము. నింద మోయుచున్నవారిని మేము విడువకుండునట్లును, నష్టపోయినవారికి న్యాయము జరుగునట్లును మాకు జ్ఞానమిమ్ము. మేము ఇచ్చునప్పుడు అతిశయింపకుండను, వారు పిలుచునప్పుడు వెనుదీయకుండను మమ్మును నేర్పుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.